బస్తీల చరిత్ర – 7: కామాటిపుర ఎవరి లెక్కలో ఉంది?

గత భాగంలో మూసీ వరద తర్వాతి హైదరాబాద్ గురించి చెప్పుకున్నాం. 1908 సెప్టెంబర్ 28న నది పొంగి వేల మందిని పొట్టన పెట్టుకున్న తీరు, ఆ తర్వాత 1912లో పుట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి పత్తర్‌గట్టీ లాంటి వెడల్పాటి వీధులు వేసిన తీరు చూశాం. అలాంటి సంస్థే బొంబాయిలో అంతకు పద్నాలుగేళ్ల ముందు పుట్టింది. అది మొట్టమొదట కూల్చివేతలకు దిగిన నాగ్‌పాడాను ఆనుకునే మన తెలుగు కూలీల పేట ఒకటుంది. పేరు కామాటిపుర.

ఆ పేరు వినగానే చాలామందికి తట్టేది ఎర్రదీపాల వాడ. సినిమాలు చూపించిందీ, పత్రికలు రాసిందీ అదే. తెలంగాణ పల్లెల నుంచి నడిచొచ్చి, గుర్రపుబండ్ల కాలం నుంచి ఆకాశహర్మ్యాల కాలం దాకా బొంబాయిని కట్టిన మట్టిపనివాళ్లు, రాతిపనివాళ్లు ఆ పేరు వెనక ఉన్నారని తెలిసినవాళ్లు తక్కువ. ఇప్పుడు ఆ పేటను సమూలంగా కూల్చి కొత్తగా కట్టే పథకం ముందుకు కదులుతోంది. అక్కడ ఏం పోతుందో, ఏం మిగలాలో తేల్చుకోవాలంటే రెండు శతాబ్దాల వెనక్కి వెళ్లాలి. ఆ రెండు శతాబ్దాల్లో కామాటిపురను ప్రభుత్వాలు మళ్లీ మళ్లీ లెక్కపెట్టాయి. లెక్క మారినప్పుడల్లా ఆ పేట ఎవరిదన్న జవాబు కూడా మారింది.

సముద్రం వదిలిన నేల

బొంబాయి అంటే మొదట ఏడు దీవులు. మహాలక్ష్మికీ వర్లీకీ మధ్య ఉన్న గండి గుండా పోటు సమయంలో సముద్రం లోపలికొచ్చి నడిమి నేలనంతా ముంచేసేది. గవర్నర్ విలియం హార్న్‌బీ హయాంలో ఆ గండికి అడ్డంగా కట్ట వేశారు. 1784 ప్రాంతంలో పూర్తయిన ఆ కట్టే హార్న్‌బీ వెల్లార్డ్. దాని వెనక ఉన్న బురద నేల మెల్లగా ఆరింది. బైకల్లా, నాగ్‌పాడా, కామాటిపుర పరిసరాలన్నీ అలా ఆరిన పల్లపు నేలలే.

1793లో ఈ పల్లం మీదుగా బెలాసిస్ రోడ్డు వేశారు. సూరత్ వైపు కరువు తాళలేక వచ్చిన జనానికి పని చూపించడానికి వేసిన రోడ్డది. ఆ తర్వాత కొద్దికాలానికే, 18వ శతాబ్దం చివరి సంవత్సరాల్లో, ఆ రోడ్డుకు దక్షిణాన తెలుగు కూలీలు గుడిసెలు వేసుకున్నారు. నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి వచ్చి మట్టి మోసే, రాయి కొట్టే, గోడ కట్టే వీళ్లను బొంబాయిలో కామాటీలు అనేవాళ్లు. అది ఒక కులం పేరు కాదు. మున్నూరు కాపులు, పద్మశాలీలు, ముదిరాజులు, మాలలు, మాదిగలు, ఇంకా ఎన్నో కులాల వాళ్లు ఊరు దాటాక ఆ ఒక్క పేరు కిందికి వచ్చారు. హైదరాబాద్ పాతబస్తీలోనూ ఒక కామాటిపుర ఉంది. రెండూ పనివాళ్ల పేరుతో వెలసిన పేటలే.

1803లో బొంబాయి కోటలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఆ తర్వాత కోట గోడల బయట కొత్త ఊరు వేగంగా పెరిగింది. ఊరు పెరగాలంటే చెరువులు పూడ్చాలి, రోడ్లు పరవాలి, పునాదులు తవ్వాలి. ఆ పనికి మనుషులు కావాలి, కానీ వాళ్లు కోటలో ఉండకూడదు. వర్షాకాలంలో నీళ్లు నిలిచే పల్లంలో ఉండొచ్చు. నగరం మొత్తంలో అతి పల్లపు నేలల్లో ఒకటి కామాటీలకు దక్కడం యాదృచ్ఛికం కాదు. నగరం వాళ్లను ఎన్ని చేతులున్నాయో చూసి లెక్కపెట్టింది, ఎన్ని కాపురాలున్నాయో చూడలేదు.

కాంట్రాక్టర్లు, సత్యశోధకులు

కూలీల్లోంచి మేస్త్రీలు, మేస్త్రీల్లోంచి కాంట్రాక్టర్లు వచ్చారు. 1853లో రైలు నడిచింది. 1850ల్లోనే తార్‌దేవ్‌లో తొలి నూలు మిల్లు లేచింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోవడంతో బొంబాయిలో డబ్బు వరదలా పారింది. 1860ల్లో కోట గోడలు పడగొట్టి, ఆ స్థలంలో కొత్త రోడ్లు, కచేరీలు, కాలేజీలు కట్టారు. ఈ కట్టుబడి జోరులో కొందరు తెలుగు గుత్తేదార్లు బాగా సంపాదించారు. కామాటిపురలో సొంత ఇళ్లు కట్టుకుని, ఊరి నుంచి వచ్చే కూలీలకు అక్కడే నీడ చూపించారు. ఊళ్లో పంట పోతే బొంబాయి బండెక్కడం, ఏ గల్లీలో ఎవరున్నారో కనుక్కుని వాళ్ల పంచన దిగడం తెలంగాణ పల్లెలకు అలవాటైంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తర్వాతి కాలంలో జనం నోట నానిన వలస బాటల్లో బొంబాయి బాట పాతది.

ఈ కాంట్రాక్టర్లు ధనవంతులైనా కులం నిచ్చెనలో కింది మెట్టు వాళ్లే. అందుకే జోతిరావు ఫూలే మాట వాళ్లకు సూటిగా తాకింది. 1873 సెప్టెంబర్ 24న పుణేలో ఫూలే సత్యశోధక్ సమాజ్ స్థాపించారు. బొంబాయిలో ఆ సమాజానికి వెన్నుదన్నుగా నిలిచినవాళ్లలో తెలుగువాళ్లే ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలాజీ కాళేవార్, జాయా కరాడి లింగు లాంటి పేర్లు సత్యశోధక్ చరిత్రలో కనిపిస్తాయి. సమాజం సొంతంగా అచ్చు యంత్రం సమకూర్చుకోవడానికి డబ్బిచ్చిందీ ఈ వర్గమే. ఫూలే స్వయంగా కాంట్రాక్టు పనులు చేసిన మనిషి. రాయీ సున్నం తెలిసినవాళ్ల మధ్య ఆ స్నేహం సహజంగానే కుదిరింది.

ఆ రోజుల్లోనే సత్యశోధకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ‘దీనబంధు’ పత్రికను బొంబాయి నుంచి నడిపారు. 1884లో మిల్లు కార్మికుల సంఘం పెట్టారు. 1888 మే 11న బొంబాయి మాండ్వీలో జరిగిన సభలో ఫూలేకు మహాత్మా అన్న బిరుదు ఇచ్చారు. ఆ సభను సాధ్యం చేసిన బొంబాయి సత్యశోధకుల్లో కామాటిపుర తెలుగువాళ్ల పాత్ర చిన్నది కాదు. మహారాష్ట్ర నవచైతన్య చరిత్ర రాసేటప్పుడు పుణే పేట్లను తలచుకున్నట్టు కామాటిపుర గల్లీలను తలచుకోవాలి. మన తెలుగు చరిత్ర పుస్తకాల్లోనూ ఈ అధ్యాయానికి చోటు దక్కలేదు. ఇది మనం సరిదిద్దుకోవాల్సిన లోటు.

గోడ మీద మూడు అక్షరాలు

1896 సెప్టెంబర్‌లో మాండ్వీలో బుబోనిక్ ప్లేగు బయటపడింది. డాక్టర్ అకాసియో వియేగాస్ దాన్ని గుర్తించారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి నాటికి నగర జనాభాలో దాదాపు సగం మంది ఊళ్లకు పారిపోయారు. 1897లో వచ్చిన అంటువ్యాధుల చట్టం అధికారులకు ఇళ్లలోకి జొరబడే హక్కునిచ్చింది. సోదాలు జరిగాయి, సామాన్లు కాల్చారు, రోగులను బలవంతంగా ఆస్పత్రులకు తరలించారు. మనుషులు ఉండటానికి పనికిరావని తేల్చిన ఇళ్ల గోడల మీద యు.హెచ్.హెచ్. అని మూడు ఇంగ్లిషు అక్షరాలు రాశారు. ఇంటి భవిష్యత్తును తేల్చిన ఆ అక్షరాలు చదవడం ఆ ఇంట్లో ఉన్నవాళ్లలో చాలామందికి రాదు.

ప్లేగు వెనకే 1898లో బాంబే సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు వచ్చింది. రోగం ఇరుకు ఇళ్లలోని చెడుగాలి వల్ల పుడుతోందన్నది అప్పటి పాలకుల నమ్మకం. ఎలుకల మీద బతికే ఫ్లీ అనే పురుగుల ద్వారా ప్లేగు పాకుతుందని శాస్త్రం పూర్తిగా నిర్ధారించేసరికి ట్రస్టు పలుగూ పారా పట్టుకుని చాలా దూరం వచ్చేసింది. ట్రస్టు మొదటి పథకం కామాటిపుర పక్కనున్న నాగ్‌పాడా. తర్వాత ఆగ్రీపాడా, ప్రిన్సెస్ స్ట్రీట్, శాండ్‌హర్స్ట్ రోడ్డు పథకాలు వరుసగా వచ్చాయి.

ట్రస్టు ఉద్దేశాలన్నీ చెడ్డవని అనలేం. గాలీ వెలుతురూ లేని గదుల్లో పిల్లలు క్షయతో చచ్చిపోతున్న మాట నిజం. ట్రస్టు చైర్మన్‌గా పనిచేసిన జె.పి. ఓర్ ఇళ్ల మధ్య ఎంత ఖాళీ ఉండాలో కొలిచి చెప్పారు. నేలనుంచి 63న్నర డిగ్రీల కోణంలో ఆకాశం కనిపిస్తేనే గదిలోకి చాలినంత వెలుతురు వస్తుందన్నది ఆయన సూత్రం. శాస్త్రీయంగా ఆలోచించిన మనిషే. కానీ ఆ కొలతలో ఆ గది కిరాయి ఎంత, ఆ మనిషి పనిచేసే చోటు ఎంత దూరం, పొద్దున మేస్త్రీ కూలీలను పిలిచే అడ్డా ఎక్కడ అన్నవి లేవు.

ఫలితం ఏమైందంటే, ట్రస్టు కూల్చినంత వేగంగా కట్టలేదు. కట్టిన చాళ్లలో గది కిరాయిని అడుగునున్న కూలీ భరించలేకపోయాడు. ఇల్లు కోల్పోయినవాళ్లు పని వదులుకోలేక పక్క పేటల్లోకి సర్దుకున్నారు. ఒక గదిలో ఆరుగురున్నచోట పదిమంది చేరారు. నాగ్‌పాడాలో తగ్గించిన రద్దీ చుట్టుపక్కల పేటలకు ఎక్కింది. బస్తీని బాగుచేయడమంటే బస్తీని పక్కకు నెట్టడమేనన్న చేదు అనుభవం బొంబాయికి ఇక్కడే మొదలైంది. 1933లో ట్రస్టును మున్సిపల్ కార్పొరేషన్‌లో కలిపేశారు. ఆ అనుభవం మాత్రం కలిసిపోలేదు, తర్వాతి ప్రతి పథకంలోనూ ఏదో రూపంలో తిరిగొచ్చింది.

ఒక పేటకు రెండు పేర్లు

ఎర్రదీపాల కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే అదీ పాలకుల లెక్కల్లోంచి పుట్టిందే. 19వ శతాబ్దం మధ్యలో బొంబాయిలో సెక్స్ వర్కర్లు ఒక్క కామాటిపురలో లేరు. గిర్‌గావ్ సహా చాలా పేటల్లో ఉండేవాళ్లు. 1868 నాటి అంటురోగాల చట్టం కింద బ్రిటిష్ సైనికులకు సుఖవ్యాధులు రాకుండా ఆ స్త్రీల పేర్లు రిజిస్టర్లలోకి ఎక్కించి బలవంతంగా పరీక్షలు చేశారు. సైనికుడిని పరీక్షించలేదు, స్త్రీనే పరీక్షించారు. 1888లో ఆ చట్టం పోయింది. 20వ శతాబ్దం మొదట్లో, పెద్దమనుషుల వీధుల నుంచి ఈ ఇళ్లను ఖాళీ చేయించే అధికారం పోలీసులకు వచ్చింది. ఒక వీధి నుంచి తరిమితే వాళ్లు మరో వీధికి పోతారు. ఎక్కడికి పోతే ఫిర్యాదు చేసే పలుకుబడి గలవాళ్లుండరో అక్కడికి పోతారు. అలా నగరం నలుమూలలా ఉన్న ఆ వృత్తిని కామాటిపుర గల్లీలకు కుదించారు. యూరప్ నుంచి వచ్చిన స్త్రీలున్న శుక్లాజీ వీధి ‘సఫేద్ గల్లీ’గా పేరుపడింది.

కూలీలు ఏ పల్లంలోకి నెట్టబడ్డారో, ఈ స్త్రీలూ అదే పల్లంలోకి నెట్టబడ్డారు. ఇద్దరినీ ఒకే చోట చేర్చింది నగరం. తర్వాత ఆ చోటును చూసి ముక్కు మూసుకున్నదీ ఆ నగరమే.

వందేళ్లకు పైగా ఈ రెండు బతుకులూ పక్కపక్కన సాగాయి. ఒక గల్లీలో పద్మశాలి కుటుంబం, ఎదురు గల్లీలో నేపాల్ నుంచో, కర్ణాటక నుంచో, మన తెలుగు జిల్లాల నుంచో మోసపోయి వచ్చిన అమ్మాయి. పక్క గోల్‌పీఠా వాతావరణంలో పెరిగిన నామ్‌దేవ్ ఢసాళ్ 1972లో ‘గోల్‌పీఠా’ కవితా సంపుటితో మరాఠీ సాహిత్యాన్ని కుదిపేశారు. అదే ఏడాది దళిత్ పాంథర్స్ పుట్టింది. ఫూలేను మోసిన గల్లీలకు కూతవేటు దూరంలో, దాదాపు వందేళ్ల తర్వాత, మరో తిరుగుబాటు గొంతు లేచింది. ఈ పరిసరాలను మురికివాడ అని కొట్టిపారేసేవాళ్లకు ఈ రెండు పేర్లే చాలినంత సమాధానం.

పేట పేరు మీద గొడవ 2022లో కోర్టు దాకా వెళ్లింది. ‘గంగూబాయి కాఠియావాడి’ సినిమా విడుదలకు ముందు, కామాటిపుర మొత్తాన్ని ఒకే రంగులో చూపిస్తున్నారని అక్కడివాళ్లు అభ్యంతరం చెప్పారు. స్థానిక ఎమ్మెల్యే, ఒక నివాసి బాంబే హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆ పిటిషన్లను కొట్టేసింది. సినిమాను ఆపాలా వద్దా అన్నది వేరే చర్చ. కానీ ఆ అభ్యంతరం వెనక ఉన్న బాధ నిజమైనది. కామాటిపుర చిరునామా చెప్పుకుంటే పెళ్లి సంబంధం దగ్గరా, ఉద్యోగం దగ్గరా ఎదుటివాళ్ల చూపు మారిపోతుందన్నది అక్కడి కుటుంబాల అనుభవం. అయితే ఆ బాధకు జవాబు సెక్స్ వర్కర్లను మరో చోటికి తరమడం కాదు. అలా తరిమితే 1900ల నాటి పోలీసు చేసిన పనే మళ్లీ చేసినట్టవుతుంది.

పగిడీ, రసీదు, సెస్సు

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. కామాటిపుర ఇళ్లలో ఎక్కువ వాటికి ఒక యజమాని, చాలామంది కిరాయిదారులు ఉంటారు. కిరాయిదారు మొదట ‘పగిడీ’ అనే పెద్ద మొత్తం చెల్లిస్తాడు. ఆ తర్వాత నెలనెలా చిన్న కిరాయి కట్టి రసీదు తీసుకుంటాడు. గది వేరేవాళ్లకు బదలాయిస్తే వచ్చే డబ్బులో యజమానికి వాటా పోతుంది. ఆ గది పూర్తిగా సొంతం కాదు, పూర్తిగా అద్దెదీ కాదు.

1947 నాటి బాంబే రెంట్ కంట్రోల్ చట్టం ఈ కిరాయిలను కట్టేసింది. యుద్ధానంతర కరువులో బీదవాడి తల మీది నీడను కాపాడిన చట్టమది. ఆ చట్టం లేకపోతే కామాటిపుర కూలీ ఎప్పుడో నగరం బయట ఉండేవాడు. కానీ కిరాయిలు కదలకుండా నిలిచిపోవడంతో యజమానులు మరమ్మతు చేయడం మానేశారు. వాసాలు కుళ్లాయి, మేడమెట్లు ఒరిగాయి. 1969లో మహారాష్ట్ర ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చి, పాత భవనాల నుంచి మరమ్మతు సెస్సు వసూలు చేసి తానే బాగుచేస్తానంది. దీవి నగరంలో అలాంటి భవనాలు దాదాపు 19,600. ఆ బాధ్యత తర్వాత రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతికొచ్చింది. సెస్సు డబ్బు ఎన్నడూ చాల్లేదు. కర్రల ఊతం మీద నిలబడ్డ భవనాలు కూలుతూనే ఉన్నాయి. 2017 ఆగస్టు 31న కామాటిపురకు దగ్గర్లోని భిండీ బజార్‌లో హుస్సేనీ భవనం కూలి 33 మంది చనిపోయారు.

కాబట్టి ‘ఏమీ ముట్టుకోవద్దు, పాత ఇళ్లను పాతగానే ఉంచండి’ అనడం బాధ్యత లేని మాట. వారసత్వం పేరుతో మనుషులను పెళ్లల కింద పడుకోబెట్టలేం. కామాటిపుర వాళ్లకు కొత్త ఇళ్లు కావాలి. వాళ్లు చాలా ఏళ్లుగా అడుగుతున్నారు కూడా. కొత్త ఇళ్లు కట్టాలా అన్న దాంట్లో తగువు లేదు. అవి ఎవరి పేరున, ఏ షరతుల మీద కడతారన్నదే తగువు.

34 ఎకరాలు

2023లో మహారాష్ట్ర ప్రభుత్వం కామాటిపురను మ్హాడా ద్వారా గుంపుగా పునర్నిర్మించాలని నిర్ణయించింది. 2025లో మ్హాడా టెండర్లు పిలిచింది. పథకం విస్తీర్ణం సుమారు 34 ఎకరాలు. అందులో 900కు పైగా సెస్సు భవనాలు, 8,000కు పైగా కిరాయిదారులు, దాదాపు 800 మంది స్థల యజమానులు ఉన్నారు. అర్హులైన ప్రతి కిరాయిదారుకు 500 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా, సొంతంగా వస్తుంది. యజమానులకు ప్రతి 50 చదరపు మీటర్ల స్థలానికి 500 చదరపు అడుగుల ఇల్లు ఒకటి చొప్పున ఇస్తారు.

ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో అర్థం చేసుకోవాలి. ప్రభుత్వం డబ్బు పెట్టదు, ఎత్తు ఇస్తుంది. ఎంత స్థలానికి ఎంత అంతస్తుల విస్తీర్ణం కట్టవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐని గుంపు పథకాల్లో 4 దాకా, అవసరమైతే అంతకు పైనా ఇస్తారు. పాతవాళ్లకు ఇచ్చే ఇళ్లు కొన్ని బురుజుల్లో సర్ది, మిగిలిన బురుజులను బిల్డర్ మార్కెట్లో అమ్ముకుంటాడు. దక్షిణ ముంబైలో చదరపు అడుగు ధర ఎంతో తెలిసినవాళ్లకు ఈ బేరం బిల్డర్లను ఎందుకు ఆకర్షిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పాత కామాటిపుర ఇల్లు పొందేది ఆకాశంలో పెంచిన విస్తీర్ణాన్ని అమ్మగా వచ్చిన డబ్బులోంచే.

కూలిపోయే గదిలో ఉన్న కుటుంబానికి సొంత మరుగుదొడ్డి, వంటగది, రిజిస్ట్రేషన్ కాగితం దొరకడం చిన్న విషయం కాదు. కామాటీలు ఈ నగరంలో రెండు శతాబ్దాలుగా అడుగుతున్నది అదే. ఈ పథకంలోని మంచిని మనసారా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక మూడు విషయాలు గట్టిగా అడగాలి.

మొదటిది, అర్హత. పాత సెస్సు భవనాల పునర్నిర్మాణ నిబంధనల్లో 1996 జూన్ 13 అనే తేదీ గీతలా నిలబడి ఉంది. ఆ తేదీకి ముందున్న కిరాయి హక్కులకే లెక్క. కామాటిపురలో రసీదు ఒకరి పేరున ఉంటే, గదిలో నివసించేవాళ్లు వేరొకరైన సందర్భాలు కోకొల్లలు. సెక్స్ వర్కర్లలో ఎక్కువమందికి ఏ రసీదూ లేదు. వాళ్లు మంచానికి కిరాయి కడతారు, ఆ డబ్బు ఇల్లు నడిపే ఆమెకు పోతుంది, హక్కు కాగితం మరొకరి దగ్గర ఉంటుంది. పాతికేళ్లు అదే గల్లీలో బతికి, అక్కడే పిల్లలను పెంచిన స్త్రీ పథకం కాగితాల్లో కనిపించదు. సాయంత్రం కూలీకి వచ్చి మేడమీది కార్ఖానాలో పనిచేసి అక్కడే పడుకునే కుర్రాడూ కనిపించడు. కామాటిపురకు పేరు తెచ్చిన మొదటి కూలీలు ఇవాళ బతికొచ్చినా ఈ జాబితాలో చోటు దక్కదు, వాళ్ల దగ్గరా రసీదులు లేవు కాబట్టి.

రెండోది, బతుకుదెరువు. ఇక్కడి ఇళ్లలో కింద దుకాణం, పైన కుట్టుపని, సంచుల తయారీ, చిన్న చిన్న కార్ఖానాలు ఉంటాయి. గల్లీయే గోదాము, గల్లీయే బజారు. వాటిని ముప్పై, నలభై అంతస్తుల బురుజులోకి ఎక్కిస్తే ఇల్లు వస్తుంది గానీ పని పోతుంది. లిఫ్టులు, పంపులు, కాపలా ఖర్చు నెలనెలా మీద పడుతుంది. ఇన్నాళ్లూ కొన్ని వందల కిరాయి కట్టినవాళ్లు ఆ ఖర్చు మోయలేక ఇల్లు అమ్ముకుని విరార్‌కో కల్యాణ్‌కో పోతే, ఉచిత ఇల్లు నగరం వదిలి వెళ్లడానికి ఇచ్చిన ప్రయాణ ఖర్చుగా మిగిలిపోతుంది.

మూడోది, కాలం. కట్టేదాకా తాత్కాలికంగా ఉండమని పంపిన ట్రాన్సిట్ క్యాంపుల్లో దశాబ్దాలు గడిపేసిన కుటుంబాలు ముంబైలో ఎన్నో ఉన్నాయి. తేదీ, జరిమానా రాసివ్వని హామీని ఈ నగరంలో ఎవరూ నమ్మరు, నమ్మకూడదు.

పేరు మిగలడం ఎలా

మిల్లుల పేట గిరణ్‌గావ్‌కు ఏమైందో చూశాం. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు బయటికొచ్చారు. వాళ్లలో వేల మంది తెలుగు పద్మశాలీలు. మిల్లులు మూతపడ్డాయి, ఆ స్థలాల్లో మాల్‌లు, బురుజులు లేచాయి. లోయర్ పరేల్‌ను ప్రకటనల్లో ‘అప్పర్ వర్లీ’ అని రాయడం మొదలుపెట్టారు. కార్మికుడి జ్ఞాపకం ఉన్న పేరు కొనేవాడికి నచ్చదని అమ్మేవాడి భయం. రేపు కామాటిపుర బురుజులకూ ఏదో కొత్త పేరు పెడతారు. ఎర్రదీపాల మచ్చ పోయిందని కొందరు పాతవాళ్లే సంతోషించవచ్చు కూడా. ఆ సంతోషాన్ని అర్థం చేసుకోగలం. కానీ ఆ పేరుతో పాటు నగరాన్ని కట్టిన తెలుగు కూలీల గుర్తు, ఫూలేకు అండగా నిలిచిన మనుషుల గుర్తు కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

పేరు నిలవాలంటే ఫలకాలు చాలవు. ఆ గల్లీల చరిత్ర చెప్పే చిన్న మ్యూజియం, తెలుగు బడికి, గ్రంథాలయానికి, గుడికి, మసీదుకు కొత్త నక్షాలో స్థలం, కార్ఖానాలకు నేల అంతస్తులు, రసీదు లేనివాళ్లకు కిరాయికి దొరికే చిన్న గదులు కావాలి. ముంబై కార్పొరేషన్ ఎన్నో భాషల్లో బడులు నడిపింది, అందులో తెలుగు ఒకటి. ఆ బడిలో చదివిన పిల్లల మనవళ్లు అక్కడే ఉంటేనే పేరు బతుకుతుంది.

ఇది దూరపు బొంబాయి గొడవ అనుకోవద్దు. 2024 సెప్టెంబర్‌లో మూసీ ఒడ్డున శంకర్‌నగర్, మూసానగర్ ఇళ్ల గోడల మీద, తొలగించాల్సినవన్న గుర్తుగా, అధికారులు ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. ప్లేగు కాలపు బొంబాయి గోడల మీది మూడక్షరాలకూ దీనికీ మధ్య నూట ఇరవై ఏళ్లకు పైగా తేడా ఉంది. అయినా రెండుసార్లూ గుర్తు ముందు పడింది, మనిషితో మాట ఆ తర్వాత మొదలైంది. నదిని బాగుచేయడం అవసరమే. వరద ముప్పున్న చోట మనుషులు ఉండకూడదన్నదీ నిజమే. కానీ అక్కడివాళ్లు ఎందుకు నది ఒడ్డుకు చేరారు, వాళ్ల పని ఎక్కడుంది, పిల్లల బడి ఎక్కడుంది అన్న లెక్క గోడ మీద రంగు వేయకముందే తేలాలి.

కామాటిపుర రెండు శతాబ్దాల చరిత్ర నేర్పే పాఠం నేరుగా చెప్పుకోవచ్చు. పునర్నిర్మాణం పునాది తవ్వడంతో మొదలవదు, జాబితా రాయడంతో మొదలవుతుంది. ఆ జాబితాలో ఎవరి పేరు రాస్తారో, ఎవరి పేరు వదిలేస్తారో అక్కడే ఒక పేట భవిష్యత్తు నిర్ణయమైపోతుంది. అందుకే జాబితా మూసిన గదిలో తయారు కాకూడదు. గల్లీ గల్లీలో, అందరి ఎదుట, అక్కడ బతుకుతున్న వాళ్లందరినీ పిలిచి రాయాలి. రసీదు ఉన్నవాళ్లకు హక్కు పత్రం ఇవ్వాలి. రసీదు లేనివాళ్లకు ఆ పేటలోనే నీడ ఇవ్వాలి. అదేమీ దయ కాదు. ఆ పల్లపు నేలను ఊరుగా మార్చినవాళ్ల వరసలో నిలబడ్డవాళ్లకు నగరం తీర్చాల్సిన బాకీ.

(వచ్చే భాగంలో: 1920లలో గవర్నర్ జార్జ్ లాయిడ్ కట్టించిన వర్లీ బీడీడీ చాళ్లు – 160 చదరపు అడుగుల గదిలో నాలుగు తరాలు)